ఫ్రెంచి తాత కావలెను

జగిత్యాల పట్నానికి ఇద్దరు తాతలు. ఒకరు జాక్, రెండోవారు టాల్. ఇద్దరూ ఫ్రెంచి ఇంజినీర్లు. 1747లో జఫరుద్దౌలా నవాబు పిలిపిస్తే వచ్చారట. నక్షత్రం ఆకారంలో ఖిల్లా కట్టారట. పోతూపోతూ ఊరికి పేరు కూడా పెట్టి పోయారట. జాక్, టాల్ కలిస్తే జగిత్యాల. లెక్క సరిపోయింది. చప్పట్లు.

ఏ పర్యాటక కరపత్రం తిప్పినా ఈ ముచ్చటే. పోటీ పరీక్షల గైడులోనూ ఈ ముచ్చటే. పెద్దమనిషి ఎవరైనా ఖిల్లా చూడ్డానికొస్తే పక్కనున్న అధికారి చెవిలో ఊదేదీ ఈ ముచ్చటే. పెద్దమనిషి తల ఊపుతాడు. "ఫ్రెంచివాళ్లా! భేష్. దీన్ని డెవలప్ చేద్దాం." ఫొటో. కారు. దుమ్ము.

ఇంతవరకూ ఒక్కరైనా అడిగారా, జాక్ ఇంటిపేరేమిటని? ఫ్రాన్సులో జాక్ అంటే మన దగ్గర మల్లయ్య అన్నట్టు. వీధికి నలుగురుంటారు. ఏ ఊరి జాక్? ఎవరి కొడుకు? ఏ ఓడ దిగాడు? జీతమెంత? ఖిల్లా కట్టమని ఇచ్చిన ఫర్మానా ఏది? నక్షా ఏది? ఎక్కడ పోయాడు, ఎక్కడ పూడ్చారు? ఒక్కదానికీ జవాబు లేదు. అయినా సరే, ఆయన మన తాత. కాదంటే మనోభావాలు గాయపడతాయి.

తేదీ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. 1747 నాటికి మొదటి నిజాం బతికే ఉన్నాడు. 1748 జూన్‌లో గానీ కన్నుమూయలేదు. ఫ్రెంచివాళ్లు 1746లో ఇంగ్లిషువాళ్ల చేతిలోంచి మద్రాసు లాక్కుని ఆ గొడవల్లోనే తలమునకలై ఉన్నారు. ఫ్రెంచి సేనాని బుస్సీ దొర పటాలంతో దక్కనులో అడుగుపెట్టింది 1751లో. ఇంకో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో చేరింది 1786లో. అంటే ఏమిటి? ఫ్రెంచి సైన్యం ఈ వైపు రావడానికి నాలుగేళ్ల ముందే మన జాక్, టాల్ పాండిచ్చేరి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఎగబాకి వచ్చి జగిత్యాలలో కందకం తవ్విస్తున్నారు!

రాకూడదని ఎవరన్నారు? ఒంటరి యూరప్ ఫిరంగివాళ్లు అంతకు నూరేళ్ల ముందునుంచే మన నవాబుల దగ్గర కొలువులు చేశారు. వీళ్లూ వచ్చే ఉండొచ్చు. గోడల కోణాలు, బయటికి పొడుచుకొచ్చిన బురుజులు, చుట్టూ కందకం చూస్తే యూరప్ పద్ధతి తెలిసిన చెయ్యి పడిందని తెలుస్తూనే ఉంది. పేర్లు నిజమై తేదీ తప్పు కావచ్చు. తేదీ నిజమై పేర్లు కట్టుకథ కావచ్చు. కానీ రెండు తారీఖులు పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఇన్నేళ్లలో ఒక్క ఆఫీసుకూ లేకపోయిందే! ఇంగ్లిషువాళ్ల గెజిటీర్‌లో ఫ్రెంచి ఇంజినీర్లు అని ఉంది. దాన్ని చూసి ఒకరు రాశారు. ఆయన్ని చూసి ఇంకొకరు. ఇప్పుడు అందరూ. పరిశోధన ముగిసింది, టీ తాగుదాం పదండి.

ఇంకో చోద్యం. జగిత్యాల పక్కనే పొలాస ఉంది. పన్నెండో శతాబ్దంలో అది పొలవాస రాజుల గద్దె. మేడరాజు, జగ్గదేవుడు అక్కడి ఏలికలు. కాకతీయులతో కొట్లాడినవాళ్లు. రాళ్ల మీద శాసనాలున్నవాళ్లు. ఊరి పేరుకు ఆ జగ్గదేవుణ్ణి చెప్పేవాళ్లూ ఉన్నారు. అయితేనేం? శాసనమున్న జగ్గదేవుడు మనకు ఆనడు. కాగితం లేని జాక్ కావాలి. ఎందుకంటే జాక్ తెల్లోడు. సిమెంటు రోడ్డు మీద గుంత పూడ్చలేనివాళ్లకు కూడా "మాది ఫ్రెంచి ప్లాను" అనుకుంటే గుండె నిండుతుంది మరి!

ఖిల్లా దగ్గరికే పోయి చూడండి. గోడల సందుల్లోంచి రావి మొలకలు. కందకంలో నీళ్లున్నాయా, చెత్త ఉందా అని అడగొద్దు, రెండూ ఉన్నాయి. బురుజు మీద ఫిరంగి. దాని మీద మహమ్మద్ ఖాసిం అన్న పేరు చెక్కి ఉంది. ఇనుము మీద చెక్కిన పేరు! ఇన్నేళ్ల ఎండావానా తట్టుకున్న పేరు! ఆ ఖాసిం ఎవరు? పోతపోసినవాడా, పోయించినవాడా? ఎవడికీ పట్టదు. రాయి మోసిన వడ్డెరలు ఎందరు, సున్నం కాల్చిందెవరు, తవ్విన మట్టి ఎవరి నెత్తి మీద పోయింది? అది అసలు ప్రశ్నే కాదు. కళ్లముందున్న పేరు వదిలేసి, కనపడని పేరును కావలించుకున్నాం.

ఈ జబ్బు ఊరితో ఆగలేదు, ఇళ్లలోకి వచ్చింది. ఇంట్లో పిల్లి కళ్ల మనవరాలు పుట్టిందనుకోండి, మేనమామ మీసం తిప్పుతాడు. "మన రక్తంల ఫ్రెంచి ఉన్నదే. ముత్తాత బుస్సీ దొర పటాలంల జమేదారంట." రుజువు? "మా నాయనమ్మ చెప్పేది." ఇంకాస్త డబ్బున్న ఇంట్లో అయితే అమెరికాలో ఉన్న కొడుకు డబ్బీలో ఉమ్మి పంపించి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తాడు. వంద డాలర్లకు రంగుల మ్యాపు వస్తుంది. మ్యాపులో యూరప్ మీద చిన్న చుక్క కనిపిస్తే చాలు, బంతిభోజనాలే. పెద్దాయన పడుకున్న సొంత ఊరి శ్మశానంలో సమాధి ఏదో మాత్రం గుర్తుపట్టలేరు. అక్కడ ఇప్పుడు ప్లాట్లున్నాయి.

తాతను వెతుక్కోవడం తప్పా? తప్పు కాదు. వెతికేవాడి మీద నాకు కోపం లేదు. కోపమంతా వెతకడానికి ఏమీ మిగల్చనివాళ్ల మీద.

ఫ్రాన్సులో ఓ మామూలు మనిషికి ఇదే సరదా పుట్టిందనుకుందాం. పద్దెనిమిదో శతాబ్దంలో తమ ఇంటి మనిషి ఇండియాకు సిపాయిగా పోయాడని విన్నాడు. ఏం చేస్తాడు? పారిస్ పక్కన వాన్సెన్ కోటలో సైనిక దఫ్తరం ఉంది. 1716 నుంచి రాజుగారి పటాలాల్లో చేరిన సిపాయిల పట్టీలు రాశారు. పేరు. పటాలంలో పెట్టిన మారుపేరు. తండ్రి పేరు, పుట్టిన ఊరు. ఎత్తు ఎంత, జుట్టు ఏ రంగు, ముక్కు ఎట్లా ఉంది, మొహాన అమ్మవారి మచ్చలున్నాయా. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు పారిపోయాడు. అవును, పారిపోయిన తారీఖు కూడా! వాళ్ల ఈస్టిండియా కంపెనీ మనిషైతే సముద్రం ఒడ్డున లోరియాం పట్నంలో ఆ కాగితాలున్నాయి. ఏ ఓడ ఎక్కాడు, ఎక్కడ దిగాడు, దారిలో చస్తే ఎక్కడ చచ్చాడు. వలస రాజ్యాల కాగితాలు దక్షిణాన ఎక్సాన్ ప్రొవాన్స్‌లో ఉన్నాయి. సగం వెతుకులాట ఇంట్లో కుర్చీలో కూర్చునే అయిపోతుంది.

దూరమెందుకు? మన యానాం ఉంది. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో చిటికెడంత ఫ్రెంచి ఊరు. 1954లో ఫ్రెంచి జెండా దిగింది, 1962లో కాగితాల మీద కూడా మనదైంది. యానాం, పాండిచ్చేరి, కారైకాల్, మాహేల పాత పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లను ఫ్రెంచివాళ్లు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఫ్రెంచి సైన్యంలో చేరి ఇండోచైనా దాకా పోయి వచ్చిన మనవాళ్లున్నారు. వాళ్లకూ, వాళ్ల విధవలకూ ఫ్రాన్సు పింఛన్లు పంపింది. పాండిచ్చేరి బీచ్ రోడ్డులో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సిపాయిలకు స్తంభాలు నిలబెట్టి గుర్తు మిగిల్చారు. యానాం మనిషికి తాత దొరుకుతాడు. జగిత్యాల మనిషికి దొరకడు. ఇద్దరి మధ్య తేడా రక్తంలో ఉందా? బీరువాలో ఉంది.

ఆగండాగండి, ఫ్రెంచివాళ్లకు హారతి పడుతున్నాననుకునేరు. వాళ్లు రాసుకున్నది ప్రేమతో కాదు. జీతం లెక్కకు, పారిపోతే పట్టుకోడానికి. తెల్ల సిపాయికి ముక్కు వంకర కూడా రాసిన అదే గుమాస్తా నల్ల సిపాయి దగ్గరికొచ్చేసరికి కలం కింద పెట్టేవాడు. ఇంతమంది సిపాయిలు, ఇన్ని ఎడ్లు, ఇన్ని ఒంటెలు. మొత్తం కింద గీత. 1881లో పాండిచ్చేరి, యానాం వాసులకు ఒక వరమిచ్చారు. మీ ఆచార చట్టం వదులుకోండి, ఇంటిపేరొకటి పెట్టుకోండి, ఫ్రెంచి పౌరులతో సమానమంటాం అన్నారు. ఎప్పుడు దేశానికొచ్చారు, ఎప్పుడు సమానమన్నారు? రెండు వందల ఏళ్లు దాటాక! స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఓడ దిగడానికి అంతకాలం పట్టింది.

మరి మన సిపాయిలు ఎవరు? జాక్ కోసం తన్నుకునేవాళ్లకు ఈ పేర్లు ఎప్పుడైనా తగిలాయా?

బుస్సీ పటాలంలో తెల్లవాళ్లు కొన్ని వందలు. మిగిలిందంతా ఇక్కడి దండే. బొబ్బిలి కోట మీద 1757 జనవరి 24న పడిన పటాలంలోనూ అంతే. బుస్సీ ఎవరో మనకు సినిమా చెప్పింది. బుస్సీ వెనక తుపాకీ మోసినవాడు ఎవరో ఏ సినిమా చెప్పింది? బుస్సీ దగ్గర కవాతు నేర్చిన ఇబ్రహీంఖాన్ గార్దీ తర్వాత మరాఠాల కొలువుకు పోయి 1761 జనవరి 14న పానిపట్టులో నిలబడ్డాడు. ఆయన వెంట వేలమంది దక్కనీ తుపాకీ సిపాయిలు. వాళ్లలో తెలంగీలు ఉన్నారు. ఉత్తరాది చలిలో, భాష తెలియని పొలాల్లో, ఎవరి రాజ్యం కోసమో, పొద్దున మొదలెట్టి సాయంత్రానికి ముగిసిపోయారు. గార్దీని పట్టుకుని చంపారు, అది రాశారు. మిగతావాళ్లు? ఏ ఊరివాళ్లు? ఎవరి తాతలు? కరీంనగర్ వైపు నుంచి ఒక్కడూ పోలేదంటారా? పోయాడని చెప్పలేం. పోలేదనీ చెప్పలేం. అదీ మన వైభవం.

ఇంకో సంగతి చెబితే తాతల పిచ్చి ఉన్న మగమహారాజులకు మింగుడు పడదు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాంకూ మరాఠాలకూ యుద్ధం జరిగింది. నిజాం వైపు జఫర్ పల్టన్ అని రెండు పటాలాలున్నాయి. ఒక్కోదాంట్లో వెయ్యిమంది. అందరూ ఆడవాళ్లు! యూరప్ పద్ధతిలో కవాతు, భుజాన తుపాకీ, ముందు మామా బరన్, మామా చంపా అనే నాయకురాళ్లు. ఆ యుద్ధంలో నిజాం వైపు ఓడారు గానీ వీళ్లు గట్టిగా నిలబడ్డారని చెప్పుకున్నారు. మీ ఇంట్లో ఎవరైనా "మా ముత్తవ్వ సిపాయి" అని చెప్పుకోగా విన్నారా? "మా ముత్తాత జమేదారు" అని వెయ్యిమంది చెప్తారు. ముత్తవ్వ మాత్రం పిండి విసిరింది. ఆమె విసిరింది తిరగలో, తూటానో ఎవడు చూడొచ్చాడు?

రేమండ్‌కైతే అదృష్టం బాగుంది. మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. ముసల్మానులకు మూసా రహీం, హిందువులకు మూసా రాం. ఆయన పేరుతోనే మూసారాంబాగ్. ఏటా ఉరుసు కూడా చేశారు. మన జనం మనసు పెద్దది, తుపాకీ పట్టిన దొరను కూడా పీరును చేసేశారు. ఆ సమాధి మండపం 2001 వానలకు కూలింది. తర్వాత మళ్లీ కట్టారు. సమాధి ఉన్న దొరకే ఈ గతి పడితే సమాధి లేని సిపాయికి ఏం గతి?

ఇప్పుడు కోరుట్లకు రండి. ఈ కథలో పచ్చి వెటకారమంతా కోరుట్లలోనే ఉంది.

నిజాం కాలంలో కోరుట్ల పేరు దేనికి? కాగితానికి! గుజ్జు నానబెట్టి, తెట్టుగా ఎత్తి, గోడకు ఆరేసి, రాయితో రుద్ది నునుపు చేసిన చేతి కాగితం. ముతకదే, కానీ గట్టిది. పట్వారీల లెక్కల పుస్తకాలకు అదే. ఎవరి భూమి ఎంత, ఎవరు శిస్తు కట్టారు, ఎవరు బాకీ, ఎవరు చచ్చారు, ఎవరి పేరు మారింది అన్నీ కోరుట్ల కాగితం మీదకు ఎక్కాయి. చుట్టుపక్కల దస్త్రాలకు కాగితం పంపిన ఊరు ఇది. ఆ ఊరి మనిషి ఇప్పుడు తన తాత పేరున్న ఒక్క కాగితం ముక్క కావాలంటే ఎక్కడికి పోవాలి?

మీసేవకు పో. చలానా కట్టు. రసీదు తీసుకో. తహసీల్ ఆఫీసుకు పో. ఏ తహసీల్ ఆఫీసైనా సరే, తేడా ఉండదు. రికార్డు రూముకు తాళం. తాళంచెవి ఉన్నాయన ఫీల్డ్ మీద. ఫీల్డ్ ఎక్కడో ఫీల్డ్‌కే తెలియదు. మూడోసారికి తలుపు తెరుచుకుంటుంది. ఎర్ర గుడ్డలో మూటగట్టిన బస్తాలు. పై బస్తా విప్పితే అంచులు పిండిలా రాలతాయి. చెదలు ఖాస్రా పహాణీ మీద బాగా చదువుకున్నాయి. అటెండర్ ముక్కుకు రుమాలు కట్టుకుని చూస్తాడు. "గా ఏండ్ల బస్తా లేదన్నా. ఆఫీసు మారినప్పుడు ఎటో పోయినట్టున్నది." మీరు నిలబడే ఉంటారు. ఆయన జాలిపడతాడు. "ఏం పని పడ్డదే ఇప్పుడు తాతతోని? భూమి పంచాయితీనా?" కాదు, ఊరికే తెలుసుకుందామని. "ఊరికేనా!" అప్పుడు చూడాలి ఆయన మొహం. ఊరికే తాతను అడిగేవాడు ఆ గదికి రావడం అదే మొదలు.

2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. సర్వరోగ నివారిణి అన్నారు. వచ్చీ రావడంతో చేసిన ఘనకార్యం? పహాణీలో ఎప్పటినుంచో ఉన్న అనుభవదారు కాలమ్‌ను ఎత్తేసింది. అంటే పట్టాదారు ఉంటాడు, దున్నేవాడు ఉండడు. ఒక్క క్లిక్కు! ఫ్రెంచి గుమాస్తా సిపాయిని ఎడ్లతో కలిపి లెక్కేశాడని ఇందాక పళ్లు కొరికాం కదా? కనీసం లెక్కేశాడు! 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. బోర్డు మారింది. నూరేళ్ల తర్వాత ఎవడో పిల్లి కళ్ల మునిమనవడు "మా ముత్తాత ఈ చెలక దున్నేవాడట" అని వెతికితే, ఆ నడుమ ఏండ్ల దగ్గర ఏం దొరుకుతుంది? కాలమ్ లేదు, తాత లేడు.

హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నాలుగు కోట్ల పైచిలుకు పత్రాలు. షాజహాను కాలానివీ ఉన్నాయి. అందులో పెద్దభాగం పార్సీ, ఉర్దూ. ఎవరికెంత జీతమిచ్చారు, ఏ గుర్రానికి ఏ గుర్తు వేశారు, అన్నీ ఉన్న నిధి. నిజంగా నిధి. జగిత్యాల సిపాయి ఎక్కడైనా నిద్రపోతుంటే ఆ కట్టల్లోనే నిద్రపోతుండాలి. లేపేదెవరు? పార్సీ చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించే పనికి 2022లో ఇరాన్ వాళ్ల నూర్ మైక్రోఫిల్మ్ సంస్థతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. మన తాత జీతం పట్టీ చదవడానికి టెహ్రాన్ సాయం. ఇక్కడేమో ఉర్దూ బోర్డు మీద తారు పూస్తే దేశభక్తి!

అలాగని మన సర్కారుకు పేర్లు రాసుకోవడం రాదనకండి. పాపం తగులుతుంది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టి చెయ్యం, దొర గడీకి వంగం అని వేలాది కూలీ జనం పట్నంలోకి నడిచొచ్చారు. అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. అప్పుడు చూడాలి గుమాస్తాల చురుకు! పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎత్తు, గుర్తింపు మచ్చలు. అచ్చం వాన్సెన్ కోట పట్టీలే. నూరేళ్లుగా ఊళ్లో ఉన్నాడని రాయడానికి తీరని చేతులకు, ఊరు వదిలి పారిపోయాడని రాయడానికి తీరిక దొరికింది. ఈ జిల్లాల్లో కూలోడి తాతకు పక్కా రికార్డు కావాలంటే పోలీసు ఠాణాకు పోవాలి. అక్కడ వెతకడానికి పోయినవాడు తిరిగొస్తాడా అన్నది వేరే సంగతి.

సిపాయి కాలం పోయిందనుకుంటున్నారా? కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల బస్టాండ్లలో పొద్దున్నే చూడండి. ట్రాలీ బ్యాగు, మెడలో దండ, కళ్లనిండా నీళ్లు. దుబాయ్, మస్కట్, సౌదీ, కువైట్. ఏజెంటే దళవాయి. అప్పే అడ్వాన్సు. పాస్‌పోర్టు అక్కడి యజమాని కఫీల్ జేబులో. సహాయకుడి ఉద్యోగమని చెప్పి రష్యా తీసుకుపోయి యుద్ధంలో దింపితే 2024లో హైదరాబాద్ కుర్రవాడొకడు శవమయ్యాడు. బుస్సీ కాలానికీ దీనికీ తేడా ఏమిటి? అప్పుడు ఓడ, ఇప్పుడు విమానం. అంతే కదా?

గల్ఫ్‌లో పోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో సర్కారు జీవో తెచ్చింది. మంచిదే. కాదనం. కానీ షరతు చూడండి: 2023 డిసెంబరు 7న, ఆ తర్వాత పోయి ఉండాలి. అది ఏ రోజు? కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజు! డిసెంబరు 6న షార్జాలో గుండె ఆగినవాడు తొందరపడ్డాడు. ఇంకొక్క పూట ఓపిక పట్టాల్సింది. అంతకుముందు ముప్పై, నలభై ఏళ్లుగా పెట్టెల్లో తిరిగొచ్చినవాళ్లు? వాళ్లు పాత ప్రభుత్వం శవాలు. పాత ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? గల్ఫ్ పాలసీ, గల్ఫ్ పాలసీ అని ఎన్నికెన్నికకూ ఊరించి పదేళ్లు గడిపింది. ఎంతమంది పోయారు, ఏ ఊరు, ఏ దేశం, ఏ కంపెనీ అని ఊరూరికీ ఒక రిజిస్టర్ పెట్టమంటే ఎవరి ముత్యాలు రాలాయి? పద్దెనిమిదో శతాబ్దంలో ఈకతో రాసినవాడికి సాధ్యమైంది, ఐటీ రాజధానికి సాధ్యం కాలేదు.

ఇక సిరిసిల్ల. ఇక్కడి నేతగాడు షోలాపూర్ పోయాడు, భీవండి పోయాడు, సూరత్ పోయాడు. ఉన్నవాడు మరమగ్గం దగ్గర రాత్రిపూట నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. 2017 నుంచి బతుకమ్మ చీరలిచ్చి పని కల్పిస్తున్నామని సర్కారు ఊరేగింది. చీరలు పంచినప్పుడు ఫొటోలు దిగారు. ఆనక గద్దె మారింది, ఆర్డర్లు ఆగాయి, పాత చీరల బకాయిలు ఉండిపోయాయి. 2024లో సిరిసిల్ల రోడ్డెక్కింది. మగ్గాలు ఆగాయి. కొందరు నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. చీర కట్టుకున్నోళ్లకు రంగు వెలిసింది, నేసినోడికి డబ్బు రాలేదు. ఫైలు కదులుతోందన్నారు. ఫైలుకు కాళ్లుంటే అది కూడా దుబాయ్ పోయేది.

బకాయి అన్న మాట వచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. 1798 సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లిషువాళ్లతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయాలన్నది షరతు. రేమండ్ మార్చిలోనే చనిపోయాడు. ఆయన స్థానంలో పిరోన్ ఉన్నాడు. కింద దాదాపు 14,000 మంది సిపాయిలు. అక్టోబరులో పటాలం రద్దు హుకుం వచ్చింది. పెద్దలందరూ ఏమనుకున్నారు? ఇంటికి పొమ్మంటే సలాం కొట్టి పోతారనుకున్నారు. సిపాయిలు పోలేదు. మా జీతం బాకీ ఏదీ అన్నారు. తమ ఫ్రెంచి ఆఫీసర్లనే పట్టి కదలకుండా కూర్చోబెట్టారు! మధ్యవర్తిగా వచ్చిన ఇంగ్లిషు అధికారి జాన్ మాల్కంను కూడా చుట్టుముట్టారు. మర్నాడు ఇంగ్లిషు ఫిరంగులు గురిపెట్టాయి, బాకీ ఇస్తామన్న మాట కూడా వచ్చింది, అప్పుడు గానీ తుపాకులు కింద పెట్టలేదు. ఫ్రెంచి ఆఫీసర్లను లెక్కపెట్టుకుని ఓడలెక్కించారు. సిపాయిలు ఎటు పోయారో ఎవరూ రాయలేదు. కొందరు గోదావరి దాటారో, మానేరు ఒడ్డున ఆగారో, తుపాకీ వదిలి మగ్గం పట్టారో.

ఈ ముచ్చట ఏ కరపత్రంలోనూ వేయకండి సార్, దండం పెడతా. ముఖ్యంగా సిరిసిల్లలో అస్సలు చెప్పొద్దు. బాకీ తీర్చేదాకా ఆఫీసర్‌ను లేవనివ్వకపోవడం మన తాతల అలవాటని తెలిస్తే, ఫ్రెంచి పటాలం వారసులు ఎంతమందో రేపు పొద్దున కలెక్టరేట్ గేటు దగ్గరే లెక్క తేలిపోతుంది. డీఎన్‌ఏ పరీక్ష కూడా అక్కర్లేదు.